రికాబు లేని సవారీ

ఈరోజు డిసెంబర్ 3, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం. పింఛన్ల గురించి, మూడు చక్రాల బండ్ల గురించి ఈ రోజున మీరు ఏటా వింటూనే ఉంటారు. వాటి అవసరం చాలా ఉంది, కాదనను. కానీ నేను కర్నూలు జిల్లా ఆలూరువాణ్ణి, చిన్నప్పటి నుంచి గుర్రాలంటే ప్రాణం. అందుకని నాకిచ్చిన ఈ కొద్ది సమయంలో గుర్రం మీద కూర్చోబెట్టి చేసే చికిత్స గురించి, ఆ గుర్రం పక్కన నడిచే మనుషుల గురించి మాట్లాడతాను.

ఈ చికిత్స చరిత్రను ప్రాచీన గ్రీసు నుంచి ఎత్తుకోవడం ఆనవాయితీ. నేను సూటిగా 1944కు వస్తాను. డెన్మార్కులో లిస్ హార్టెల్ అని 23 ఏళ్ల యువతి, సవారీలో అప్పటికే పేరున్న మనిషి. గర్భంతో ఉండగా పోలియో సోకింది. బిడ్డ క్షేమంగా పుట్టింది గానీ తల్లికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. పోలియో అంటే ఏమిటో మన పల్లెలకు ఒకరు చెప్పక్కర్లేదు. సహజ పోలియో వైరస్ చివరి కేసు మన దేశంలో 2011 జనవరిలో బయటపడింది. అంతకుముందు మోకాలి మీద చెయ్యి ఆనించుకుని నడిచే పిల్లలు ఊరూరా ఉండేవాళ్లు. నాతో కలిసి బడికి వచ్చినవాళ్లలోనూ ఉన్నారు.

హార్టెల్ మెల్లమెల్లగా చేతుల్లో, తొడల్లో బలం తెచ్చుకుంది. మోకాళ్ల కింద మాత్రం చలనం తిరిగి రాలేదు. గుర్రం ఎక్కాలంటే ఎవరో ఒకరు సాయం పట్టాలి. ఆమె పోటీపడింది డ్రెస్సాజ్‌లో. అది పరుగుపందెం కాదు. గుర్రం చేత కొలిచినట్టు అడుగులు వేయించాలి, ఆజ్ఞ ఇస్తున్నట్టు చూసేవాళ్లకు తెలియకూడదు. ఆ ఆజ్ఞలు ఎక్కువగా కాలి ఒత్తిడితోనే ఇస్తారు. ఆమెకు ఆ వీలు లేదు. వెన్ను కదలికతో, ఒంటి బరువును అటూ ఇటూ మార్చడంతో తన ఆడగుర్రం జూబిలీకి సంగతి తెలియజేసేది.

ఇక్కడొక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ రోజుల్లో ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లోకి ఆడవాళ్లకూ, సైన్యంలో చిన్న హోదావాళ్లకూ ప్రవేశం లేదు. 1948లో లండన్‌లో స్వీడన్ జట్టు స్వర్ణం గెలిచింది. అందులో పెర్సన్ అనే ఆయన నిజానికి అధికారి కాడని తేలేసరికి ఆ పతకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత నిబంధనే మారింది. 1952లో హెల్సింకిలో అదే పెర్సన్ మళ్లీ వచ్చి జట్టుతో స్వర్ణం కొట్టాడు. అదే తలుపులోంచి నలుగురు ఆడవాళ్లూ లోపలికి వచ్చారు. వాళ్లలో ఒకరు హార్టెల్. ఆమెకు వెండి పతకం. స్వర్ణం గెలిచిన సెయింట్ సిర్ ఆమెను దగ్గరుండి పతకాల వేదిక మీదికి ఎక్కించాడు. 1956లో మళ్లీ వెండి.

గుర్రం ఆమె పోలియోను నయం చేసిందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ఆ మాట సరికాదు. నయం కాలేదు, నయం కాకుండానే గెలిచింది. నాకు ఆ రెండో మాటే గొప్పగా తోస్తుంది.

సమయం చూసుకోవాలి కాబట్టి తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. ఆమెను చూసి ఐరోపాలో ఫిజియోథెరపిస్టులు పిల్లల్ని గుర్రాలెక్కించడం మొదలుపెట్టారు. 1969లో బ్రిటన్‌లోనూ, ఉత్తర అమెరికాలోనూ దీనికోసం సంఘాలు ఏర్పడ్డాయి. 1996లో అట్లాంటా పారాలింపిక్స్‌లో దివ్యాంగుల సవారీ పోటీలు చేరాయి.

ఇంతకీ గుర్రం చేసేదేమిటి? నడవడమే. నడిచే గుర్రం వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ కదులుతుంది. పైన కూర్చున్న మనిషి నడుము, తన కాళ్లతో తాను నడిస్తే ఎలా కదిలేదో దాదాపు అలాగే కదులుతుంది. గుర్రం నిమిషానికి 100 అడుగులు వేసిందనుకుంటే, 20 నిమిషాల్లో 2,000 సార్లు ఆ నడుముకు నడక అందుతుంది. బల్ల మీద పడుకోబెట్టి ఏ డాక్టరూ ఇన్నిసార్లు చేయించలేడు. దానికి తోడు గుర్రం ఒళ్లు మన ఒంటికన్నా కాస్త వెచ్చన. సెరిబ్రల్ పాల్సీతో బిగుసుకున్న తొడలు ఆ వెచ్చదనానికీ లయకీ కొంత సడలుతాయి. అందరికీ ఇది పనికిరాదు. తుంటి కీలు తప్పినవాళ్లనూ, అదుపులో లేని మూర్ఛ ఉన్నవాళ్లనూ ఎక్కించకూడదు. డాక్టరు చూసి సరేనన్న తర్వాతే.

ఆ వెచ్చదనం అందాలని చాలాసార్లు జీను తీసేసి మెత్తటి పరుపు మాత్రం వేస్తారు. రికాబులూ ఉండవు. రికాబు లేని సవారీ అనగానే నాకు మన్రో గుర్తొస్తాడు. 1800లో నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక కలెక్టరుగా వచ్చి, ఈ ఊళ్లన్నీ గుర్రం మీద తిరిగిన మనిషి. 1827లో మన పక్కనే పత్తికొండలో కలరాతో పోయాడు. మద్రాసులో ఉన్న ఆయన విగ్రహానికి జీను లేదు, రికాబుల్లేవు. శిల్పి చాంట్రీ మరిచిపోయాడనీ, తెలిశాక ప్రాణం తీసుకున్నాడనీ ఒక కథ తిరుగుతుంది. అది ఉత్త కథ. లండన్‌లో నాలుగో జార్జి రాజు విగ్రహాన్నీ ఆయన అలాగే చేశాడు, జీనూ లేకుండా, రికాబులూ లేకుండా. కావాలనే చేశాడు. మద్రాసులో మన్రో విగ్రహం ఎదుట నేను చాలాసేపు నిలబడ్డాను. పట్టు అంతా నడుములో ఉంది. హార్టెల్ సవారీ చేసింది సరిగ్గా అలాగే.

ఇక పక్కన నడిచేవాళ్ల సంగతి. పగ్గం పట్టుకుని ముందు ఒకరు, ఇరువైపులా ఇద్దరు. అంటే ఒక్క బిడ్డ గుర్రమెక్కాలంటే ముగ్గురు నడవాలి, అలా నడిచేవాళ్లలో చాలామంది జీతం లేకుండా వచ్చేవాళ్లే. బెంగళూరు శివార్లలో ఈ చికిత్స చేసే ఒక చోట కొన్నాళ్లు నేనూ పక్కన నడిచాను. ముంజేతిని బిడ్డ తొడ మీద ఆనించి, వేళ్లతో జీను గుడ్డ అంచు పట్టుకుని నడవాలి. మరీ గట్టిగా నొక్కితే బిడ్డ తన బలం వాడదు, వదిలేస్తే ఒరిగిపోతుంది. మధ్యలో గుర్రాన్ని ఆపి ఇద్దరూ వైపులు మార్చుకోవాలి, లేకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. అన్నిటికన్నా కష్టం నోరు మూసుకోవడం. బిడ్డ తలమీదుగా మనిద్దరం కబుర్లాడితే ఆ బిడ్డ ఎవరి మాట వినాలి? చికిత్స చేసేవాళ్లు అడిగింది చేయడానికి ఒక్కో పిల్లవాడికి పది అడుగుల దూరం పట్టవచ్చు. ఆగాలి. మాట సరిగా రాని ఒక పిల్లవాడు గుర్రాన్ని నడిపించడానికి తనే మెడ మీద తట్టేవాడు. గుర్రం కదిలేది. తన మాట ఒకరు విన్నారన్న సంతోషం వాడి ముఖంలో చూడాలి మీరు.

గుర్రం మనకు కొత్త కాదు. మన పడమటి కర్నూలులో మైలారలింగణ్ణి కొలిచే ఇళ్లెన్నో. ఆయన వాహనం గుర్రం. ఆదోని స్టేషను దగ్గర జట్కాలు తోలిన సాయిబులు గుర్రం చెవుల కదలిక చూసి దాని మనసు చెప్పేవాళ్లు. జట్కా గుర్రాన్నే తెచ్చి ఈ చికిత్సకు వాడమని నేను అనను. బెదరని, నెమ్మదైన గుర్రాన్ని ఎంచి, నెలల తరబడి తర్ఫీదు ఇవ్వాలి, ఫిజియోథెరపిస్టు తోడుండాలి. కానీ మండలాల్లో దివ్యాంగ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడికి బిడ్డల్ని చంకనేసుకుని వచ్చే తల్లులున్నారు. గుర్రం వచ్చేలోపు ఆ కేంద్రాలకు వెళ్లి, నడక నేర్చుకునే బిడ్డ పక్కన ఒక గంట ఉండండి. చెయ్యి ఎక్కడ ఆనించాలో, ఎప్పుడు తీసెయ్యాలో అక్కడి టీచర్లు చూపిస్తారు. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు డిగ్రీ కాలేజీల పిల్లలు వింటుంటే ఈ మాట ముఖ్యంగా మీకే చెబుతున్నాను.