సంరక్షకుల శ్రమకు తగిన వేతనము
(మేడిపల్లిలో పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగము)

పంచాయతీ సభ్యులారా,

మంచము దిగలేని మనిషిని లేవదీసి, స్నానము చేయించి, అన్నము తినిపించు పనికి వేళాపాళా లేదు. ఈ పనికై మన పల్లెల స్త్రీలు ఉప్పల్, నాచారం వైపునకు పోవుచున్నారు. పని యెన్ని గంటలు, జీతమెంత అని వారిని విచారించువారు మాత్రము అరుదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము జీతము పుచ్చుకొనువారిని, పుచ్చుకొనని తల్లిదండ్రులను కూడ సంరక్షకులుగానే గుర్తించినది. అధికమైన తోడ్పాటు కావలసిన దివ్యాంగులకు సంరక్షక భత్యమును గూర్చియు అందు 24వ సెక్షను చెప్పుచున్నది. అయితే భత్యము వేరు, వేతనము వేరు. తెలంగాణమున 2023లో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు చేసిరి. అది దివ్యాంగుని సొమ్ము. దానిని చూపి సంరక్షకురాలి జీతమును కోయుట అన్యాయము.

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతనముల కోడ్ ననుసరించి, ఆశ్రమమైనను ఆసుపత్రియైనను కనీస వేతనమునకు తక్కువ ఇయ్యరాదు. అదనపు పనికి రెట్టింపు రేటు చెల్లింపవలెను. నెలజీతము మరుసటి నెల 7వ తేదీలోగా అందవలెను. ఈ.ఎస్.ఐ. వర్తించు సంస్థలో కార్మికుని వాటా నూటికి 0.75, యజమాని వాటా 3.25. నాచారములోనే ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది గదా!

ఇండ్లలో పనిచేయువారి సంగతియే చిక్కు. కోడ్ ముఖ్యముగా సంస్థల నుద్దేశించినది. కావున పనిలో చేరకముందే జీతము, పనిగంటలు, వారపు సెలవు కాగితముపై వ్రాయించుకొనుమని మీ వార్డులోని వారికి చెప్పుడు. పనిచేసిన దినములు, ముట్టిన పైకము ఒక పుస్తకములో గుర్తుంచుకొనవలెను. జీతము నిలిచిపోయి కార్మికశాఖ కార్యాలయమునకు పోవలసివచ్చిన నాడు ఆ పుస్తకమే చేతిలోని ఆధారము.