పైపు చివరి ఇల్లు

ఈ ఉదయం మన ధ్యానం యోహాను సువార్త 4వ అధ్యాయం నుండి. బైబిలు దగ్గరలో ఉంటే తెరవండి, లేకపోతే వినండి చాలు.

పల్లెకు మంచినీళ్ళు వచ్చిన వైనం మనలో చాలామంది కళ్ళముందే జరిగింది. మొదట చేదబావి, తరువాత బోరింగు, ఆ తరువాత ట్యాంకు, వీధి కుళాయి. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ ప్రారంభమైంది. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్, పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇంటి కుళాయిలోనే అందాలని లెక్క పెట్టుకుంది. నెత్తినొక బిందె, చంకనొక బిందెతో నడిచిన తల్లులకు ఇదెంత మేలో మగవాళ్ళకు పూర్తిగా తెలియదు. దేవునికి స్తోత్రం.

అయితే బావి అంటే నీళ్ళు తోడుకునే చోటు మాత్రమే కాదు. ఎవరు చేద వేయవచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అన్నది ఊరు అక్కడే తేల్చేది. దళితపేట నుండి వచ్చిన స్త్రీ గిలక ముట్టరాదు. ఎవరైనా దయతలచి తోడి, తన బిందెకు తగలకుండా పైనుండి పోసేదాకా ఎండలో నిలబడాలి. 1927లో మహద్ చెరువులో దోసెడు నీళ్ళు త్రాగటానికి అంబేద్కర్ గారు జనాన్ని వెంటబెట్టుకొని నడవవలసి వచ్చింది. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, తాము త్రాగే చెరువు నీళ్ళు పాడుచేయవద్దని పేటవారు అన్నందుకు మొదలైన గొడవ మరునాటి దాడిలో ఆరుగురిని బలిగొన్నది. నీళ్ళ దగ్గర సుమా!

ఇప్పుడు సుఖారు ఊరి బావి చూడండి. మిట్టమధ్యాహ్నం. సమరయ స్త్రీ ఒంటరిగా వచ్చింది. ఆ వేళకే ఎందుకు వచ్చిందో వాక్యము చెప్పదు, ప్రసంగీకులు అల్లిన కథలే ఎక్కువ. యూదులకు సమరయులతో సాంగత్యం లేదు. బావి లోతు, ప్రభువు చేతిలో చేద లేదు. త్రాగాలంటే ఆమె కడవలోనుండే త్రాగాలి. ఆయన అడిగింది అదే. ఇస్తానన్న మాట తరువాత వచ్చింది, ముందు చేయి చాపింది ఆయనే. ఆపైన ఆ ఊరివారు బ్రతిమాలితే రెండు దినములు అక్కడే ఉన్నాడు. రెండు దినములంటే వాళ్ళ అన్నం, వాళ్ళ నీళ్ళు, వాళ్ళ చాప.

కుళాయి వచ్చాక బావి దగ్గర ఎవరూ ఎవరినీ ఆపనక్కరలేదు. ఆ ప్రశ్న తీరిందని కాదు, అడిగే చోటు పోయింది. ఒకే ట్యాంకు నీళ్ళు రెండు వీధులూ త్రాగుతున్నాయి గాని, ఆ వీధివారి గ్లాసు ఈ వీధివారు అందుకుంటున్నారా? ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్ర అందుకొని, ఇంటికెళ్ళాక గ్లాసులు వేరుగా పెట్టే విశ్వాసులూ ఉన్నారు. ఇది చెప్పక తప్పదు.

మరో సంగతి. చాలా ఊళ్ళలో పేట పైపులైను చివర ఉంటుంది. పైవీధిలో కుళాయికి మోటారు బిగిస్తే చివరి ఇంటికి గాలే వస్తుంది. అక్కడి చెల్లి మళ్ళీ బిందె పట్టుకొని బోరింగుకే నడుస్తుంది. కుళాయి మాత్రం గోడకు ఉంటుంది, లెక్కల్లోనూ ఉంటుంది. ఈ వారం నీళ్ళు వదిలే వేళకు పైపు చివరి ఇంటికి వెళ్ళండి. ఎంతసేపు వస్తున్నాయో కళ్ళారా చూడండి. మీ కుళాయికి మోటారు ఉంటే తీసేయండి, గ్రామసభలో ఆ ఇంటి పక్షాన మాట్లాడండి. ఎండనపడి వెళ్తారు గనుక దాహం వేస్తుంది. ఆ ఇంటి అమ్మను నీళ్ళడగండి.