టెరిటోరియల్ ఆర్మీలో చేరి ఎయిర్‌ఫోర్స్‌కి మారొచ్చా?

మా ఎర్రగడ్డ మెట్రో దగ్గర ఒక తమ్ముడు ఆపి అడిగాడు. "అన్నా, ఉద్యోగం చేస్తూనే టెరిటోరియల్ ఆర్మీలో చేరి, తర్వాత ఎయిర్‌ఫోర్స్‌కి మారొచ్చా?"

అలా కుదరదు. 1948 చట్టంతో వచ్చిన టీఏ ఆర్మీలోనే భాగం. అందులో ఇన్‌ఫంట్రీ ఉంది, చెట్లు పెంచే ఎకలాజికల్ బెటాలియన్లున్నాయి, రైల్వే ఉద్యోగులకి రైల్వే యూనిట్ ఉంది. పైలట్ సీటు మాత్రం లేదు. ధోనీకి గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది కూడా ఈ టీఏలోనే, పారా బెటాలియన్లో. ఎయిర్‌ఫోర్స్ కావాలంటే మళ్లీ మొదట్నుంచీ పరీక్ష రాయాల్సిందే.

తమ్ముడికి 23 ఏళ్లు. నా భయమంతా అక్కడే. ఏఎఫ్‌క్యాట్‌లో ఫ్లయింగ్ బ్రాంచికి మామూలుగా 24 దాకానే, గ్రౌండ్ డ్యూటీకి 26. టీఏ ఆఫీసర్‌కి 42 దాకా టైముంది. మరి ముందు దేనికి పరిగెత్తాలి?

పైగా టీఏకి డిగ్రీతో పాటు సొంత సంపాదన చూపించాలి. ఏడాదికి రెండు నెలల ట్రైనింగ్ ఉంటుంది. పిలుపొస్తే ఎన్నాళ్లైనా వెళ్లాలి. ఆ సెలవు గురించి ఆఫీసులో అడిగావా అంటే నవ్వేశాడు.

ముందు ఏఎఫ్‌క్యాట్ రాయి తమ్ముడూ, ఏడాదికి రెండుసార్లు పెడతారు. టీఏ ఎక్కడికీ పోదు.