ఇంటికి తగిన కెమెరా

మా అమ్మగారి కడపటి ఉగాదినాటి రాత్రి మేము తీసిన ఛాయాచిత్రము అలుకుకొనిపోయినది. మెగాపిక్సెళ్ల సంఖ్య చూచి మురిసి కొన్న చిన్న డిజిటల్ కెమెరా అది.

శ్రోతలారా, 6×4 అంగుళముల చిత్రమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చొత్తుటకు రెండు మెగాపిక్సెళ్లకు కొంచెము పైన చాలును. మసక వెలుతురులో అక్కరకు వచ్చునది లోపలి సెన్సారు వైశాల్యము. ఒక అంగుళపు రకము, 1/2.3 అంగుళపు రకమునకు సుమారు 4 రెట్లు, ధరయు ఎక్కువే. అంత పెట్టలేనివారు చేతి వణుకును సరిదిద్దు ఏర్పాటును, ఆప్టికల్ జూమును చూచుకొనవలెను. డిజిటల్ జూము బొమ్మను కత్తిరించి పెద్దది చేయుటయే.

కొనుటకు ముందు అంగడిలోనే ఇంటి పెద్దల చేతికిచ్చి చూడుడు. ఒక్క మీట నొక్కి వారు బొమ్మ తీయగలిగినచో అదియే మన కెమెరా. పిమ్మట వారినే పగటివేళ కిటికీ చెంత కూర్చుండబెట్టి తీయుడు. ఆ వెలుతురునకు వెల లేదు. ఉగాది ఏటేట వచ్చును. ఆ ముఖము మాకు మరల దొరకలేదు.