డిష్ దించాలా, వద్దా?



నేను దోహాలో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. నలభై దాటాయి. చదివింది ఇంజనీరింగ్ కాబట్టి, ఇంట్లో టీవీ ఆగితే అందరి చూపూ నా మీదే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. మన ఛానళ్ళ కోసం మేడమీద డిష్ ఉంచుకోవాలా? లేక అది దించేసి, ఇంటర్నెట్ తిప్పలు పడుతూ యాప్‌ని నమ్ముకోవాలా?

1995లో ఈటీవీ, జెమిని మొదలైనప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పదేళ్ళకు దోహా వచ్చాక, మేడమీద ఆరడుగుల డిష్ పెట్టించి అవే ఛానళ్ళు చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఉపగ్రహం ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. ఆ డిష్ రెండు డిగ్రీలు పక్కకి తిరిగినా బొమ్మ చెదురుతుంది. ఇక్కడి ఇసుక గాలికి ఆ మాత్రం చాలు.

2025 ఉగాదికి అదే జరిగింది. నాన్నగారు పోయాక అమ్మకి అది మొదటి ఉగాది. తెనాలిలో ఒంటరిగా ఎందుకని ఇక్కడికి తీసుకొచ్చాను. ఏటా పంచాంగ శ్రవణం వింటూ, ఇంట్లో అందరి ఆదాయ వ్యయాలూ నాన్నగారు కాగితం మీద రాసేవారు. ఈసారి కాగితం, పెన్ను అమ్మ పట్టుకుని కూర్చుంది. ముందు రాత్రి గాలికి డిష్ తిరిగిపోయింది. ఆ రోజే ఇక్కడ ఈద్ కూడా, డిష్ మనిషి దొరకలేదు. సరే అని యాప్ పెట్టాను.

అమ్మది కన్యారాశి. సరిగ్గా అక్కడికి రాగానే బొమ్మ ఆగి చక్రం తిరగడం మొదలైంది. మళ్ళీ వచ్చేసరికి తులారాశి! "నా ఆదాయం సంగతి చెప్పకుండానే వెళ్ళిపోయాడేమిట్రా?" అని అమ్మ నవ్వింది. కాగితం మాత్రం మడిచి పక్కన పెట్టేసింది. ఆ మడత చూసి నాకు మనసు చివుక్కుమంది.

ఆ రాత్రే కూర్చుని వెతికాను. కనెక్షన్ తప్పేమీ లేదు, తప్పు నాదే. రౌటర్ గుమ్మం దగ్గర చెప్పుల అలమరలో ఉంది. దానికీ టీవీకీ మధ్య రెండు కాంక్రీటు గోడలు. పైగా వంటింట్లో మైక్రోవేవ్ తిరిగితే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తడబడుతుంది. టీవీ దాకా వైరు లాగాను. చక్రం మళ్ళీ కనబడలేదు. మంచి బొమ్మకి సెకనుకి 5 మెగాబిట్లు చాలు. గంటకి రెండుంపావు గిగాబైట్లు. రోజూ నాలుగు గంటలు చూస్తే నెలకి 270. మీ ప్లానులో అంత ఉందో లేదో ముందు చూసుకోండి.

అయినా డిష్ దించలేదు. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు గల్ఫ్‌లోనూ ఇండియాలోనూ నెట్ కుంటుపడింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో మళ్ళీ తెగాయి. ఆకాశం నుంచి వచ్చే బొమ్మకి ఆ బెడద లేదు. దానికీ ఓ ఇబ్బంది ఉంది లెండి. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చి, కొద్దిరోజులు కొన్ని నిమిషాలపాటు బొమ్మ పోతుంది.

అందరికీ మేడ ఉండదు కూడా. ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండే నిజామాబాద్ తమ్ముడొకడిని డిష్ సంగతి అడిగితే, "యాడ పెట్టాలన్నా, మంచం మీదనా?" అన్నాడు. అతనికి ఫోనులో యాప్ ఒక్కటే దిక్కు. అలాంటివారికి ఈ తిప్పలన్నీ పడదగినవే. ఒక్క మనవి. వెయ్యి ఛానళ్ళు ఇస్తామనే చవక పెట్టెలు కొనకండి. అది దొంగ సరుకు. రాత్రికి రాత్రి మాయమైతే అడిగే దిక్కుండదు.

ఇప్పుడు అమ్మ తెనాలిలో, నేను దోహాలో. ఆదివారాలు ఫోను పట్టుకుని ఒకే సినిమా చూస్తాం. యాప్ వీడియోని ముక్కలుగా తెచ్చుకుని, రెండు మూడు ముక్కలు చేతిలో ఉంచుకుంటుంది. అందుకే నా బొమ్మ అర నిమిషం వెనక. మొదట్లో అమ్మ ముందే నవ్వేసేది. ఇప్పుడు "నీకు వచ్చిందా నాన్నా?" అని అడిగి, అప్పుడు నవ్వుతుంది.

ఆ అర నిమిషం ఆగేవాళ్ళు మీకూ ఉంటే, ఈ వారమే టీవీ దాకా వైరు లాగండి.