కిట్‌లో భాగం లేదా? ముందు ఆ ఫ్రేమ్ పారేయకండి

ఈరోజు బల్ల మీదున్నది 1/72 స్కేల్ మిగ్-21. మన వైమానిక దళంలో 1963లో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న విమానం. దీన్ని మన గుర్తులతో కట్టి అల్మరాలో పెట్టుకోవాలని చాలామందికి కోరిక. ఆ కోరికతోనే పెట్టె తెరుస్తారు. తెరిచాక ఏం కనబడుతుందో చూడండి.

ముక్కు మీదుండాల్సిన పొడవాటి పిటో గొట్టం లేదు. ప్రధాన చక్రాలు రెండుండాలి, ఒకటే ఉంది. రెక్క మొదట్లో ఒక గుంట. ఇంకో రెక్క చివర మూలే తయారు కాలేదు. ల్యాండింగ్ గేర్ కాళ్ళ చుట్టూ పల్చటి ప్లాస్టిక్ పొర. కానపీ, అంటే పైలట్ మీదుండే పారదర్శక మూత, దాని మీద పగులు. ఇన్ని లోపాలూ ఒకే పెట్టెలో ఉండటం అరుదే, కానీ అన్నీ ఒక్కచోటే చూపిద్దామని ఇలా తీసుకున్నాను. కంపెనీ పేరు చెప్పను. ఇవి ఏ ఒక్క కంపెనీకో పరిమితమైన లోపాలు కావు.

మొట్టమొదటి పని, పెట్టె తెరిచిన రోజే లెక్క చూసుకోవడం. ఒక్క భాగం కూడా కత్తిరించకముందే. ఇన్‌స్ట్రక్షన్ షీట్‌లో మొదటి పేజీల్లోనో చివర్లోనో అన్ని ఫ్రేముల, అంటే భాగాలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రాల, బొమ్మలూ ఉంటాయి. ఒక్కో ఫ్రేమూ పక్కన పెట్టుకుని, నంబర్ల వారీగా పోల్చండి. ఆ బొమ్మలో కొన్ని భాగాలకి నీడలాగా రంగు వేసి ఉంటుంది. ఈ వెర్షన్‌కి అవి వాడక్కర్లేదని దానర్థం. లేదనుకున్న భాగం చాలాసార్లు ప్లాస్టిక్ సంచీ మూలలోనో, పెట్టె అడుగు మడతలోనో దొరుకుతుంది. అందుకే సంచీలు కూడా అప్పుడే పారేయొద్దు. నిజంగానే లేకపోతే ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే వెనక్కిచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. కిట్ కొని ఏడాది అటక మీద పెట్టి, తర్వాత తెరిస్తే అడగడానికి ఎవరూ ఉండరు.

ఇక లోపాల దగ్గరికి వద్దాం. ఏ లోపం ఎందుకొచ్చిందో తెలిస్తే సగం వైద్యం అయిపోయినట్టే. అందుకని ఈ భాగాలు ఎలా తయారవుతాయో రెండు నిమిషాలు చెబుతాను.

ఇది పాలీస్టైరీన్. దీన్ని 200 డిగ్రీల సెల్సియస్ పైన కరిగించి, చాలా ఒత్తిడితో రెండు ముక్కల ఉక్కు అచ్చులోకి నెడతారు. జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టే, కాకపోతే ఇక్కడ పిండి బయటికి రాకుండా సన్నటి కాలవల గుండా అచ్చు మూలమూలకీ పాకాలి. ఆ కాలవల్లో గట్టిపడ్డ ప్లాస్టిక్కే మన చేతిలో ఉన్న ఈ ఫ్రేమ్. దీన్నే స్ప్రూ అంటాం, రన్నర్ అని కూడా అంటాం. చల్లారాక అచ్చు తెరుచుకుంటుంది, వెనక నుంచి పిన్నులు నెట్టి భాగాల్ని బయటికి తోస్తాయి.

ఇప్పుడు చూడండి. అచ్చు అరిగిపోయినా, రెండు సగాలూ గట్టిగా బిగుసుకోకపోయినా సందులోంచి ప్లాస్టిక్ కారుతుంది. గేర్ కాళ్ళ చుట్టూ ఉన్న పొర అదే, ఫ్లాష్ అంటారు. రెండు సగాలూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుబొదురుగా కూర్చోకపోతే గుండ్రటి కడ్డీ మీద మెట్టులా గీత వస్తుంది. ప్లాస్టిక్ చివరిదాకా చేరకముందే గట్టిపడితే మూల నిండదు, అది షార్ట్ షాట్. మందంగా ఉన్నచోట లోపలి ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి కుంచించుకుపోతూ పైభాగాన్ని లోపలికి లాగుతుంది, అదే సింక్ మార్క్, మన రెక్క మొదట్లో గుంట. పిన్నులు తోసినచోట గుండ్రటి మచ్చలు. ఇంకా వేడిగా ఉండగానే తీసేస్తే రెక్క వంకర.

వంకర అన్నింట్లోకీ తేలిక. బాగా వేడిగా ఉన్న నీళ్ళలో కొన్ని క్షణాలు ముంచి, చేతులతో సరిచేసి, అలాగే పట్టుకుని చల్లనీళ్ళలో పెట్టండి. నీళ్ళు మరుగుతుండగా మాత్రం ముంచొద్దు. పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల దగ్గరే పూర్తిగా పట్టు తప్పుతుంది.

ఫ్లాష్ తీయడానికి కొత్త బ్లేడు చాలు. కోయకండి, బ్లేడు అంచుని నిలువుగా పట్టుకుని గీకండి. కోస్తే కాలు కూడా చెక్కుకుపోతుంది. గీకితే పొర మాత్రమే వస్తుంది. ఆపైన 600, 1000 నంబరు ఉప్పుకాగితం నీళ్ళతో తడిపి రెండు దెబ్బలు రుద్దండి.

గుంట పూడ్చటానికి పుట్టీ వాడతారు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ట్యూబుల్లో వచ్చే లక్కర్ పుట్టీలో ద్రావకం ఉంటుంది. అది ఆవిరయ్యే కొద్దీ పుట్టీ దిగిపోతుంది. ఈరోజు సమంగా రుద్దినది వారం తర్వాత రంగు కింద మళ్ళీ గుంటగా కనిపిస్తుంది. అందుకని పల్చగా రెండు మూడు పొరలు, పొరకీ పొరకీ మధ్య ఒక రాత్రి. లోతైన గుంటకి ఎపాక్సీ పుట్టీ నయం, అది దిగదు. రెండు ముద్దలు కలిపి పిసికే మన ఎం-సీల్ కూడా ఎపాక్సీయే. కొంచెం గరుకుగా ఉంటుంది, కానీ గుంటలకి బాగానే పనికొస్తుంది. ఫెవిక్విక్‌లో టాల్కమ్ పొడి కలిపి కూడా పూడుస్తారు. నిమిషాల్లో గట్టిపడుతుంది. అయితే అది ఆరిన గంటలోపే రుద్దేయాలి. రేపటికి వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిదైపోతుంది. అప్పుడు రుద్దితే ప్లాస్టిక్ అరుగుతుంది, పూడ్చినది బొడిపెలా మిగులుతుంది. పొడితో పని కాబట్టి మాస్కు పెట్టుకోండి.

ఇప్పుడు నిండని రెక్క మూల. ఇందుకు కావలసిన ముడిసరుకు పెట్టెలోనే ఉంది. మనం చెత్తబుట్టలో వేసే ఈ ఫ్రేమే. భాగాలన్నీ కోశాక కూడా మోడల్ పూర్తయ్యేదాకా దీన్ని పారేయొద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే. అదే ప్లాస్టిక్, అదే రంగు, అదే గట్టిదనం, అదే సిమెంటుతో అతుక్కుంటుంది. బజారులో కొనే ఏ పుట్టీకీ ఈ గుణాలన్నీ ఉండవు.

ఫ్రేమ్ మీద నంబరు ముద్రించిన చదునైన బిళ్ళలుంటాయి చూడండి. అందులోంచి మూల కన్నా పెద్ద ముక్క ఒకటి కోయండి. రెక్క అంచుని ముందు తిన్నగా కోసి, ముక్కని ప్లాస్టిక్ సిమెంటుతో అతికించండి. ఈ సిమెంటు జిగురు కాదు. రెండువైపులా ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. అందుకే ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. మర్నాడు ఫైలుతో రెండో రెక్క చూసుకుంటూ ఆకారం తీయండి. రంగు వేశాక అతుకు ఎక్కడుందో మీకే తెలియదు.

సన్నటి సందులకి ఇంకో మార్గం. ఫ్రేమ్‌ని గింజలంత ముక్కలు చేసి, టమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పల్చటి సిమెంటు ఉన్న చిన్న గాజు సీసాలో వేయండి. ఒక రాత్రికి కరుగుతాయి. బ్రష్‌కి అంటుకుని నెమ్మదిగా జారేంత చిక్కదనం రావాలి. ఇది సందులోకి దిగి ప్లాస్టిక్‌గానే గట్టిపడుతుంది. రెండు మూడు రోజులు ఆగి రుద్దాలి. ఆగలేనివాళ్ళు దీని జోలికి పోవద్దు. కిటికీలు తెరిచి పెట్టుకుని చేయండి, అందులో అసిటోన్ ఉంటుంది.

ఇక పిటో గొట్టం. మిగ్-21కి ఇదే ముఖకవళిక. ఇది లేకపోతే విమానం విమానంలా ఉండదు. కిట్‌లో ఉన్నా కూడా నేను మార్చేస్తాను. ఎందుకో లెక్క వేద్దాం. కిట్‌లో ప్లాస్టిక్ కడ్డీ ఒక మిల్లీమీటరు లావుంటే, 72తో గుణించండి. అసలు విమానం మీద అది 7 సెంటీమీటర్లకి పైగా లావున్న దుంగ అవుతుంది. అచ్చులో ప్లాస్టిక్ పారాలంటే అంత లావు కావాలి, కంపెనీ తప్పేమీ లేదు.

మందుల దుకాణానికి వెళ్ళి కొత్త ఇంజెక్షన్ సూదులు తెచ్చుకోండి. 22 గేజ్ సూది బయటి వ్యాసం సుమారు 0.72 మిల్లీమీటర్లు. ఇన్సులిన్‌కి వాడే 31 గేజ్ సూది 0.26 మిల్లీమీటర్లు. 22 గేజ్ లోపలి రంధ్రం 0.41 దాకా ఉంటుంది కాబట్టి సన్న సూది అందులో హాయిగా దూరుతుంది. లావు కడ్డీ, దాని కొసన సన్న కడ్డీ, అచ్చం అసలు పిటోలా మెట్టు మెట్టుగా. కొలత మాత్రం ఫోటోలు చూసి తేల్చుకోండి. సూదిని కట్టర్‌తో కొరికితే నోరు మూసుకుపోతుంది. సన్న ఫైలుతో చుట్టూ గాడి గీసి విరవాలి. కళ్ళద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు, విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. కోసిన ముళ్ళు డబ్బాలో వేసి మూత పెట్టండి, పిల్లలున్న ఇళ్ళల్లో మరీ జాగ్రత్త. లోహానికి ప్లాస్టిక్ సిమెంటు పట్టదు, ఫెవిక్విక్ వాడాలి.

ఎక్కడ పెట్టాలో కూడా చూసుకోండి. మన టైప్ 77, అంటే మిగ్-21ఎఫ్‌ఎల్‌కి, పిటో ముక్కు పైన మధ్యలో ఉంటుంది. తర్వాతి మిగ్-21బిస్‌కి పైలట్ కుడిచేతి వైపుకి జరిగి ఉంటుంది. భాగం మనమే తయారు చేసుకున్నప్పుడు ఈ తేడా మన చేతిలోనే ఉంటుంది. సూదులు వద్దనుకుంటే పోలండ్‌కి చెందిన మాస్టర్ మోడల్ వాళ్ళు ఇత్తడిలో తిప్పిన పిటోలు అమ్ముతారు, చాలా అందంగా ఉంటాయి.

యాంటెన్నా తీగలకి మళ్ళీ ఫ్రేమే. ఒక ముక్కని కొవ్వొత్తి మంటకి కాస్త పైన తిప్పుతూ పట్టుకోండి. మెత్తబడి నిగనిగలాడగానే మంట మీంచి పక్కకి తీసి రెండు చేతులతో లాగండి. వెంట్రుకంత దారం వస్తుంది. ఎంత వేగంగా లాగితే అంత సన్నం. ఇందులో నాకెంతో ఇష్టమైన విషయం ఒకటుంది. గుండ్రటి ఫ్రేమ్ లాగితే గుండ్రటి దారం, పలకలున్న ఫ్రేమ్ లాగితే పలకలున్న దారం. ఎంత సన్నబడ్డా ఆకారం పోదు.

లేని చక్రం సంగతి. రెండూ ఒకేలా ఉండే భాగాల్లో ఒకటి పోతే బెంగ అక్కర్లేదు, ఉన్నదాన్నే అచ్చు తీస్తాం. వేడినీళ్ళలో మెత్తబడి, చల్లారితే రబ్బరులా గట్టిపడే అచ్చు ప్లాస్టిక్ అమ్ముతారు. దాన్ని చక్రం బయటివైపు నొక్కండి. చల్లారాక చక్రం తీస్తే అచ్చు సిద్ధం. పిసికిన ఎపాక్సీ పుట్టీని ముందు కొద్దిగా తీసుకుని మధ్య హబ్ వివరాల్లోకి వేలితో గట్టిగా అదిమి, తర్వాత మిగతాది నింపండి. ఒకేసారి ముద్ద పెడితే గాలి బుడగలు చిక్కుకుంటాయి. చేతికి తొడుగులు వేసుకోండి. రాత్రంతా ఆరాక తీసి వెనకవైపు చదునుగా రుద్దండి. మోడల్ నిలబెట్టాక లోపలివైపు ఎవరికీ కనబడదు. మన కిట్‌లో పోయినదాన్ని మనం చేసుకోవడం ఒకటి, ఇంకొకరు గీసి చెక్కిన భాగాన్ని కాపీ తీసి అమ్ముకోవడం మరొకటి. రెండోది దొంగతనమే.

కానపీ దగ్గర మాత్రం నిజం చెప్పాలి. గీతలైతే 2000 నంబరు నుంచి పైకి వెళ్తూ రుద్ది, పాలిష్ పెడితే పోతాయి. పగులు పోదు. పారదర్శక పాలీస్టైరీన్ పెళుసు, పగులు లోపల అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. అది కానపీ ఫ్రేమ్ గీత మీద పడితే రంగు కింద దాచొచ్చు. లేకపోతే కొత్తది చేయాలి. చెక్కతో కానపీ ఆకారం కొంచెం చిన్నదిగా చెక్కి, ఖాళీ కూల్‌డ్రింక్ సీసా కోసి అందులో పెట్టి, హీట్ గన్‌తో వేడి చేయండి. ఆ సీసాలు సాగదీసి తయారు చేసినవి కాబట్టి వేడి తగలగానే కుంచించుకుపోయి చెక్కని పట్టేస్తాయి. కోసి తీస్తే కొత్త కానపీ. దీన్ని ఫెవిక్విక్‌తో అంటించొద్దు, దాని ఆవిరి తగిలి లోపలంతా తెల్లటి మసక పడుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ చాలు, ఆరితే పారదర్శకం.

ఇంత శ్రమ వద్దనుకుంటే కంపెనీనే అడగొచ్చు, అడగాలి కూడా. జర్మనీలో రెవెల్‌కి ఇందుకోసమే అబ్టైలుంగ్ ఎక్స్ అనే విభాగం ఉంది. టమియా జపనీస్ ఇన్‌స్ట్రక్షన్ షీట్లలో ఒక్కో ఫ్రేమ్‌కి విడివిడిగా ధర రాసి ఉంటుంది. ఎవరికి రాసినా కిట్ నంబరు, ఫ్రేమ్ అక్షరం, భాగం నంబరు, ఫోటో ఇవ్వండి. బయటి దేశం నుంచి రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది. నా సలహా ఏమిటంటే ఉత్తరం ఈరోజే రాయండి, మిగతా మోడల్ కట్టడం మొదలుపెట్టండి.

కొనేటప్పుడే ఒక జాగ్రత్త. కొత్త పెట్టెలో కొత్త అచ్చే ఉండాలని లేదు. బ్రిటన్‌లో ఫ్రాగ్ అనే కంపెనీ ఉండేది, 1936లోనే 1/72 ప్లాస్టిక్ విమానాల కిట్లు తెచ్చినవాళ్ళు. 1970ల్లో దాని అచ్చులు చాలావరకు సోవియట్ యూనియన్‌కి వెళ్ళి, నోవో పేరుతో వచ్చాయి. ఆ తర్వాత కూడా పేర్లు మారుతూ పెట్టెలు మారుతూ వచ్చాయి. ఉక్కు అరిగే కొద్దీ ఫ్లాష్ పెరుగుతుంది, పెట్టె మీద బొమ్మ మాత్రం మెరుస్తుంది. స్కేల్‌మేట్స్ వెబ్‌సైట్‌లో కిట్ పేరు కొడితే ఆ అచ్చు ఏ సంవత్సరానిదో వంశవృక్షంలా చూపిస్తుంది. డబ్బు కట్టేముందు చూసుకోండి.

చివరగా డెకాల్స్, అంటే నీళ్ళలో తడిపి అంటించే గుర్తులు. మన వైమానిక దళం గుర్తుకి బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. ముద్రణలో తేడా వచ్చి పచ్చ చుక్క ఒక పక్కకి ఉంటే, కన్ను నేరుగా అక్కడికే పోతుంది. దాన్ని అలాగే అంటించొద్దు. మిగులు డెకాల్స్‌లోంచి పచ్చ చుక్కని పంచ్‌తో గుండ్రంగా తీసి పెట్టుకోండి. పక్కకి జరిగిన చుక్క మీద తెల్ల డెకాల్ గుండ్రం ఒకటి వేయండి. అది ఆరాక కొత్త పచ్చ చుక్కని సరిగ్గా మధ్యలో పెట్టండి. పాత షీట్ అయితే నీళ్ళలో వేయగానే ముక్కలవుతుంది. ముందు పనికిరాని అక్షరం ఒకటి కోసి నీళ్ళలో వేసి పరీక్షించండి. అది చిట్లితే షీట్ మొత్తం మీద గ్లాసీ వార్నిష్ ఒక పొర కొట్టి, ఆరాక ఒక్కో గుర్తునీ అంచు దగ్గరగా కోయండి. షీట్ పసుపెక్కి ఉంటే కొన్ని రోజులు ఎండ తగిలే కిటికీ అద్దానికి, బొమ్మ ఎండవైపు ఉండేలా అంటించి చూడండి, చాలావరకు తెల్లబడుతుంది. కానీ నీళ్ళలో వేయకముందే ఆ షీట్‌ని 600 డీపీఐలో స్కాన్ చేసి ఉంచుకోండి. చిట్లిపోయినా, మళ్ళీ ప్రింట్ చేయించడానికి సరైన కొలతలతో బొమ్మ మీ దగ్గరుంటుంది.