మీరు తమిళమా?

ఉగాది పచ్చడి తిన్న నోటితోనే మాట్లాడమన్నారు, అందుకని చేదు కూడా చెప్పేస్తాను. ఈ ఏడు పొన్నేరి నుంచి పై చదువులకి పరదేశం పోయే పిల్లలు ఇక్కడ ముందు వరసలో కూచున్నారు. జర్మనీలో ఆఖెన్‌లో మాస్టర్స్ చేసి వచ్చినాను గనక నాలుగు మాటలు చెప్పమని పెద్దలు నన్ను నిలబెట్టినారు.

మన వైపు పరదేశం పోయే విషయం ఎత్తితే చాలు, తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు వచ్చేస్తుంది. తలపాగాతోనే ఆక్స్‌ఫర్డ్‌లో పాఠం చెప్పినారని. నిజమే. కానీ 1926లో ఆయన అక్కడ ఉపన్యాసాలు ఇచ్చే నాటికి నలభైకి దగ్గర పడినారు, 1936లో ప్రొఫెసరే అయినారు. పిలిపించుకున్న పంతులుకి వేసే చలి వేరు, అప్పు చేసి ఫీజు కట్టిన పిల్లకి వేసే చలి వేరు.

నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారే గుర్తొస్తారు. మెడ్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్.తో బయటపడినారు. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగినారు. పగలు హార్వర్డ్‌లో చదువు, పొట్ట గడవడానికి రాత్రి ఆసుపత్రిలో బెడ్‌పాన్‌లు కడిగే పని. వైద్యం చదివిన మనిషి! 1925కల్లా భాస్వరం కొలిచే పద్ధతికి తనతో పనిచేసిన ఫిస్క్ పేరు పక్కన ఆయన పేరు చేరింది. మళ్ళీ మన దేశం మాత్రం రాలేదు, 1948లో అమెరికాలోనే పోయినారు. మీ పిల్లలు ఫోన్లో "బాగుండాను" అంటే ఆ మాటకి వెనక ఏముందో అడగండమ్మా.

నా సంగతికి వస్తాను. ఆఖెన్ పోయిన మొదటి ఆదివారం పాలు కొందామని బయలుదేరినాను. ఊరంతా కొట్లు మూసి ఉన్నాయి. అక్కడ ఆదివారం కొట్లు తెరవకూడదని చట్టమే ఉంది, రైల్వే స్టేషన్‌లో ఉండేవాటిలాంటి కొన్నిటిని వదిలేస్తే. మన సందు చివర అంగడిలో రాత్రి పదికి కూడా పెరుగు ప్యాకెట్ దొరికే ఊర్లో పుట్టినదాన్ని, ఆ రోజు కాఫీ లేకుండా కూచున్నాను. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. ఇవన్నీ నెలలో అలవాటైపోతాయి, వీటి గురించి ఎక్కువ చెప్పను.

భాషలో మాత్రం మనకి ఒక లాభం ఉంది. జర్మన్‌లో నువ్వుకి 'డూ', మీరుకి 'జీ'. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు ఎవరిని ఏమనాలో తెలియక తడబడతారు. మనకేం? ఇంట్లో నువ్వు, మీరు. వీధిలోకి పోతే తమిళంలో నీ, నీంగ. లోకల్ బండెక్కి చెన్నై సెంట్రల్ చేరేలోపల అమ్మతో తెలుగు, పక్క సీటావిడతో తమిళం, కాలేజీ గ్రూపులో ఇంగ్లీషు. నాలుక తిప్పడం మనకి ఎవరూ నేర్పలేదు, బండిలోనే వచ్చేసింది.

ఇప్పుడు చేదు. నన్ను గుచ్చిన మాట తెల్లవాళ్ళ నుంచి రాలేదు. ఒక తెలుగువాళ్ళ కూటానికి ఆశగా పోయినాను. "గిన్నె ఎక్కడ ఉండాది?" అన్నానో లేదో, ఒకమ్మాయి నవ్వి, "మీరు తమిళమా?" అనింది. కాదు, తెలుగే, పొన్నేరి అన్నాను. "అదే కదా, తమిళ్" అనేసింది. సరేలే అని మరుసటి నెల తమిళ పిల్లల పొంగలికి పోతే వాళ్ళు నా ఇంటిపేరు విని, "తెలుంగా?" అన్నారు. ఆ రాత్రి మాత్రం ఏడ్చినాను.

వాళ్ళకి ఎట్లా చెప్పేది? 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా వదిలి మెడ్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, మన పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల్లో కొన్ని పల్లెలు ఆంధ్రాకి పోయినాయి. మనుషులు మంచం మీద నుంచి దిగకుండానే రాష్ట్రం మారిపోయినారు. ఆ పల్లెల్లో ముసలమ్మని "నువ్వు ఏ ఊరిదానివి" అంటే ఊరి పేరు చెబుతుందే గానీ రాష్ట్రం పేరు చెప్పదు.

తరవాత ఏమైందంటే, ఆఖెన్‌లో మా ఇంట్లో వంటగది ఒకటే, ఉండేవాళ్ళం ముగ్గురం. గుంటూరు అమ్మాయి, మదురై అబ్బాయి, నేను. వాళ్ళిద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు ఇంగ్లీషులో, అది కూడా అవసరమైతేనే. ఒక శనివారం నేను చింతపండు నానేసి, వంకాయలు వేసి, మెంతిపొడి చల్లి దించినాను. వాసనకి ఇద్దరూ వచ్చినారు. ఆమె "పులుసు" అనింది. అతను "కొళంబు" అన్నాడు. ఇద్దరూ తీర్పు చెప్పమన్నట్టు నా వైపు చూసినారు.

ఉప్పు తక్కువైంది అన్నాను, రెండు భాషల్లోనూ.